ఇంకా కొత్తదే

ఇంట్లో ఫ్యూజు పోతే నేనిప్పుడు విసుక్కోను. రేణిగుంట స్టేషన్లో కలిసిన ఒక పెద్దాయన వల్ల వచ్చిన అలవాటది. కంకర క్రషర్లో ఫిట్టరుగా చేశాడట. మాటల మధ్యలో జేబులోంచి బొటనవేలంత ఇత్తడి ప్లగ్గు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే, ఆ గాలికి రెండోది తిరుగుతాది సూడు. మోటారుకీ మిషనుకీ నడుమ కప్లింగులో కూడా అంతే. గాలికి బదులు ఆయిలు. మిషను ఇరుక్కుంటే ఆయిలు కాగుతాది. అప్పుడు ఈ ప్లగ్గు నడుమ సీసం కరిగి ఆయిలంతా కారిపోతాది. మిషను నిలిచిపోతాది."

"మంచిదే కదా?" అన్నాను.

"వారంలో మూడుసార్లు కరిగిందప్పా. పని ఆగిపోతాందని తిట్టినారు. కొత్త ప్లగ్గు జేబులో పెట్టుకొని, ఆడ మామూలు బోల్టు బిగించేసినాను. మర్నాడు మిషను ఇరుక్కునింది. ఆయిలు పోయే దావ లేక కప్లింగు పగిలిపాయ. మా తమ్ముడు పక్కనే ఉండె. కాగే ఆయిలంతా వాడిమీదే పడింది. మూడు దినాలు బతికినాడు."

ఇంతలో ఆయన రైలొచ్చింది. ప్లగ్గు తిరిగి ఇచ్చాను. నా చేతిలో ఉండి వెచ్చబడింది. ఆయన దాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకుని లేచాడు.

"ఇంకా కొత్తదేనప్పా," అన్నాడు.