చారి మామ వదిలిన అగ్గిపుల్లంత సందు

నిన్న పొద్దున ఆరున్నరకి చారి మామ నంబర్ నుంచి ఫోన్. "ఏం మామా, ఇంత పొద్దున్నే" అన్నాను నవ్వుతూ.

అవతల మాట్లాడింది మామ కాదు. వాళ్ల కోడలు.

రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదట. ఆమె రెండోసారి చెప్తే గానీ నాకు అర్థం కాలేదు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న ఆదివారమే మా వంటింటి అల్మరా చూసి "గిదెవడు జేసిండు" అని అరగంట తిట్టిపోశాడు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. చారి మామ మాకు చుట్టం కాదు. మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఎడ్లబండ్లు, దర్వాజలు చేసిన వడ్రంగి. శామీర్‌పేటలో మా బాపు పెట్టిన పార్కులో చెక్క రోలర్ కోస్టర్ కట్టింది ఆయనే.

మీలో చాలామంది చిన్నప్పుడు దాని మీద గొంతు చించుకున్న వాళ్లే. ఇప్పుడు బుద్ధిమంతుల్లా ప్రొఫైల్ ఫోటోలు పెట్టుకున్నారు గానీ, ఎవరెవరు ఏడ్చారో నాకు బాగా గుర్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మామిడితోటలో సగం తీసి ఊయలలు, జెయింట్ వీల్ పెట్టాడు బాపు. అవి అందరి దగ్గరా ఉన్నవే, ఇంకెక్కడా లేనిది కావాలని చెక్క కోస్టర్ అన్నాడు.

సిటీ నుంచి వచ్చిన ఇంజనీర్ డ్రాయింగ్ గీసిచ్చి, కట్టడానికి బయటి కంపెనీని పిలవమన్నాడు. మా చారి ఉండగా ఇంకొకరెందుకని బాపు వినలేదు. ఎడ్లబండ్లు చేసేవాడితో రైలు కట్టిస్తున్నాడని మా బాబాయిలు ఒకటే నవ్వు.

డ్రాయింగ్ అంతా ఇంగ్లీషు. మామకి ఇంగ్లీషు రాదు. నేనప్పుడు కండ్లకోయలో ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్. కాలేజీ బస్సు దిగి సైట్‌కి వెళ్లి, ఒక్కో పేజీ చదివి మామకి తెలుగులో చెప్పడం నా డ్యూటీ. మస్తు పోజు కొట్టాను.

మామ పని చూడాలి మీరు. రెండు పలకలు అతికిస్తే మధ్యలో దారం కూడా దూరదు. దర్వాజలు చేసిన చెయ్యి కదా, సందు కనబడితే ఆయనకి నామోషీ. ఎండాకాలం అంతా అలాగే బిగించాడు.

తర్వాత వానలు పడ్డాయి.

ఇసుక బస్తాలు ఎక్కించి ట్రయల్ వేశాం. బండి మొదటి గుట్ట దిగింది. రెండోది ఎక్కుతూ ఆగిపోయింది. తడిసి ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేచాయి, చక్రాలు ఇరుక్కుపోయాయి.

ఇంజనీర్ వచ్చి డ్రాయింగ్ చివరి పేజీ తీశాడు. అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చెక్క వానకి ఉబ్బుతుంది, ప్రతి అతుకు దగ్గరా సందు వదలాలి అని.

ఆ పేజీ నేను చదవలేదు.

దాని వంతు వచ్చిన రోజే నా పరీక్షలు అయిపోయాయి, ఫ్రెండ్స్‌తో సినిమాకి వెళ్లే తొందర. చివరి పేజీలో ఏముంటుందిలే అని మడిచేశాను.

బాపు నా వైపు తిరిగాడు. "గిది చెప్పినవా లేదా?"

నేను పైకి లేచిన పలకల వైపు చూశాను.

"బిడ్డ చెప్పింది పటేలా, నేనే ఇనలే" అన్నాడు చారి మామ. "సందు ఇడిసిపెట్టేటోడు పని రానోడు అనుకున్న."

మా బాబాయిల ముందు, తన పనివాళ్ల ముందు అన్నాడు ఆ మాట. జీవితమంతా సంపాదించుకున్న పేరు పోతుందని తెలిసీ నా తప్పు నెత్తినేసుకున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

బాపు కోపంతో కంపెనీ వాళ్లని పిలుస్తానన్నాడు. మామ దసరా దాకా గడువు అడిగి, పలకలన్నీ విప్పాడు. ఒక్కో అంచూ రందతో సన్నగా చెక్కి మళ్లీ పేర్చాడు. ప్రతి అతుకులో అగ్గిపుల్ల పెట్టి చూసేవాడు. పుల్ల దూరితేనే మేకు.

సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి పక్కన కూర్చుని అగ్గిపుల్లలు అందించాను. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దసరా ముందు మళ్లీ ముసురు. ఈసారి ఇసుక బస్తాలతో బండి ఎక్కడా ఆగకుండా తిరిగింది. మనుషులు ఎక్కే వంతు వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ వెళ్లి ముందు సీట్లో కూర్చుని నన్ను పిలిచాడు.

"బండి జేసినోడే ముందుగాల ఎక్కాలె బిడ్డా. కాయితం సదివినోళ్లు గూడ."

మీసాల కింద నవ్వు. చచ్చినట్టు ఎక్కాను.

రెండో గుట్ట మీద నేను కళ్లు మూసుకున్నాను. మామ ఒక చేత్తో పంచె పట్టుకుని, తల వంచి పలకల చప్పుడు వింటున్నాడు. దిగాక "మంచిగున్నది" అన్నాడు, అంతే.

పార్కు మూసేదాకా ఆ కోస్టర్ ఏ వానకీ ఆగలేదు. మా బాబాయిలే తర్వాత వచ్చినవాళ్లందరికీ "మా చారి కట్టిండు" అని చెప్పుకున్నారు.

తోట ప్లాట్లయినప్పుడు దాన్ని విప్పింది కూడా మామే. ఆ పలకలతోనే యాప్రాల్‌లో మా ఇంటికి తలుపు చేసిచ్చాడు.

నిన్న వానలోనే ఆయన్ని సాగనంపి ఇంటికి వచ్చాం. వానాకాలం వస్తే ఉబ్బిపోయి, మా కాలనీలో ప్రతి తలుపునీ భుజం పెట్టి నెట్టాలి. మాది ఒక్క వేలికి తెరుచుకుంది. గడప దగ్గరే కూర్చుని ఏడ్చాను.

బాపూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆ రోజు మామ చెప్పింది అబద్ధం. ఆయన వినకపోవడం కాదు, నేను చెప్పనేలేదు.

హాయిగా పడుకో మామా. ఇగ నీ పేరు మీద నా తప్పు లేదు.