గాయం ఉంచి, పేరు కాల్చి

నా చిన్నప్పుడు, 1993 వేసవి సెలవుల్లో, మా తాతయ్య వెంట చిక్కడపల్లిలోని ఒక చిన్న నర్సింగ్‌హోంకు వెళ్లేదాన్ని. ఆయన అక్కడ కాంపౌండరు. కొట్లాటల్లో గాయపడి వచ్చేవాళ్లకు విడిగా ఒక రిజిస్టరు ఉండేది. పేజీలో ఎడమవైపు పేరు, చిరునామా. కుడివైపు వరుస సంఖ్య, గాయం వివరం. అదే సంఖ్య వేసిన చీటీ వాళ్ల చేతికిచ్చేవారు. రిజిస్టరును ఐదేళ్లు దాచి, ఆ తర్వాతే కాల్చాలి. ఈలోగా ఒక్క కాగితం పోయినా తాతయ్య ఊరుకునేవారు కాదు.

ఒక మధ్యాహ్నం నారాయణగూడ చౌరస్తాలో ఒకతన్ని నరికి చంపారు. అడ్డం వెళ్లిన పాలమూరు మేస్త్రీకి వీపు చీలింది; అతన్ని మా నర్సింగ్‌హోంకు తెచ్చారు. తాతయ్య చేతులు నెత్తుటిలో ఉన్నాయి కనుక, ఆయన చెబుతుంటే నేనే రాశాను. పేరు, బస్తీ, ఇంటి గుర్తులు. ఎడమ భుజం కింద పద్నాలుగు సెంటీమీటర్లు, ఎముక కనిపిస్తోంది. కుట్లు పడగానే డాక్టరుగారు అతన్ని వెనక గేటు నుంచి ఆటోలో ఇంటికి పంపి, పోలీసులకు ఫోన్ చేశారు.

కాసేపటికే ముందు తలుపు మీద గొడ్డలి దెబ్బ పడింది. చంపినవాళ్లకు సాక్షి ఇల్లు కావాలి. తాతయ్య నన్ను బీరువా వెనక్కి తోసి, ఆ పేజీ ఎడమ సగం కత్తిరించి, సిరంజిలు మరుగుతున్న స్టవ్వు మంటలో పెట్టారు.

“పేరేది ముసలోడా?”

“పేర్లు కాలినయి నాయినా. గాయాలున్నయి, సదువుకో.”

వాళ్లు ఆయన కుడిచేతిని బల్లకు అదిమి ఇనుప రాడ్డుతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మళ్లీ కొట్టారు. చిరునామా నాకు తెలుసు. నేను నోరు తెరిస్తే దెబ్బలు ఆగుతాయి. తాతయ్య మాత్రం బీరువా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పోలీసు జీపు చప్పుడుకు వాళ్లు పారిపోయారు.

మొత్తం పేజీ ఎందుకు కాల్చలేదని అడిగాను.

“పేరుంటే మేస్త్రీ సస్తడు బిడ్డా. గాయం లేకుంటే కేసు సస్తది.”

కట్టు కట్టించుకున్నాక, మిగిలిన సగం మీద ఎడమచేత్తో వంకరటింకరగా రాశారు: ఎడమ సగం నేనే కాల్చాను. తేదీ వేసి, సంతకం పెట్టారు. మేస్త్రీ కోర్టులో చీటీ చూపించాడు. సంఖ్య సరిపోయింది, హంతకులకు శిక్ష పడింది.

పెద్దయ్యాక నేనూ ఒక ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేశాను. కాల్చవలసినవి కాల్పించాను. ప్రతిసారీ ఏది పోయిందో, ఎందుకు పోయిందో రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. ఆ పేరు పట్టుకుని ఎవరైనా నా కోసం రావచ్చని తెలిసే పెట్టాను.