పారిస్ చూడని మా సులోచన

నిన్న పొద్దున పూజలో ఉండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. మా మరిది, సులోచన భర్త.

"సులోచన లేదు వదినా. చాయ్ పెట్టుకుంట కూలవడ్డది. దవాఖాన్ల దించేలోపే అయిపోయింది."

చేతిలో హారతి పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప నేనేమీ రాయలేదు. నిన్న దహనానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు నా చేయి పట్టుకుని ఒకే మాట అన్నారు. నువ్వంటే దానికి ప్రాణం, దాని గురించి నువ్వే రాయాలి అని.

ఆ మాట మోయలేకపోయాను. అందుకే నోట్‌బుక్ తీశాను. నేను రాసింది నా బిడ్డ టైప్ చేసి మన ఫ్యామిలీ గ్రూప్‌లో పెడుతోంది.

సులోచన మా చిన్నమ్మ కూతురు. నాకంటే ఎనిమిది నెలలు చిన్న. కోరుట్లలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ఆమెను జగిత్యాలలో సిమెంట్ డీలర్‌కు ఇచ్చారు. నన్ను సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర గుమాస్తాకు ఇచ్చారు.

తనకు చీర కొంటే నాకూ ఒకటి కొనేది.

అందుకూ నాకు కడుపు మండేది. ఎప్పుడూ ఇచ్చే చేయి ఆమెది, తీసుకునే చేయి నాది.

మెత్తగా మాట్లాడతానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. మెత్తగా మాట్లాడేవాళ్ళ ఈర్ష్య కూడా మెత్తగానే ఉంటుంది. చప్పుడు చెయ్యదు.

రెండేళ్ల కింద సిమెంట్ కంపెనీ వాళ్ళు మా మరిదికి ఫారిన్ టూర్ ఇచ్చారు. భార్యాభర్తలిద్దరికీ, ఐదు రోజులు. లండన్, పారిస్, రోమ్. మూడింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఒక్కో ఊరి బ్యాచ్ ఒక్కో నెలలో పోతుంది.

ఆ కాగితం పట్టుకుని సులోచన బస్సెక్కి సిరిసిల్ల వచ్చింది. నా పక్కన కూర్చుని బొమ్మలు చూపించింది.

"లండన్ల ఎప్పుడు వానేనట. రోమ్‌ల అన్ని కూలిన గోడలేనాయె. గంత దూరం పోయి కూలిన గోడలు చూసుడేందక్కా, మా పెద్దత్తింటికి పోతె సాలదా?"

ఇద్దరం నవ్వాం. ఆమె వేలు మాత్రం పారిస్ మీదే ఉంది. ఆ ఇనుప టవర్ మీద.

స్కూల్లో సోషల్ పుస్తకంలో ఆ టవర్ బొమ్మ చూసి, ఎప్పటికైనా అక్కడికి పోతానని మొదట అన్నది నేను. ఆమెకు అది గుర్తు లేదు. నేను మరిచిపోలేదు.

పారిస్‌లో దొంగలెక్కువట అన్నాను. తిండి మన నోటికి పోదట అన్నాను. నాకేం తెలుసు? నేను హైదరాబాదే రెండుసార్లు చూశాను.

పాపం, ఆమె తికమకపడింది.

"చీటీలేద్దామక్కా. నువ్వే రాయి. రోజు దీపం పెట్టే చెయ్యి నీది. నువ్వు రాస్తె నర్సింహస్వామి రాసినట్టే."

మనింట్లో ఏది తేలకపోయినా చేసేది అదే కదా. పసుపు అద్దిన చీటీలు ధర్మపురి నర్సింహస్వామి పటం ముందు పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాం. మిగిలినవి విప్పకూడదు. తులసి కోటలో వేసెయ్యాలి.

ఆమె కాళ్ళు కడుక్కోవడానికి బాయి దగ్గరికి పోయింది. నేను చీటీలు రాశాను.

మూడింటి మీదా రోమ్ అనే రాశాను.

నాకు దొరకని ఊరు ఆమెకూ దొరకొద్దు. అప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే. దేవుడి పటం ముందు కూర్చుని, దీపం వెలుగులో రాశాను.

ఆమె తీసింది, చదివింది. ఒక్క క్షణం మొహం చిన్నబోయింది. వెంటనే చీటీ కళ్ళకద్దుకుంది.

పారిస్ బ్యాచ్ హాయిగా పోయి వచ్చింది. రోమ్ బ్యాచ్ బయలుదేరే రోజుకు బంద్ పడింది.

కారు కరీంనగర్ దాటగానే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. వంటావార్పు. వందల మంది అక్కడే వండుకుంటూ, తెలంగాణ ఇచ్చేదాకా బండి కదలదన్నారు. మా మరిది కారు పక్కకు పెట్టించాడు. వారం ముందే జగిత్యాల దీక్షా టెంట్‌లో కూర్చున్న మనిషి, నేను రోమ్ పోవాలి, దారి ఇవ్వండి అని ఏ ముఖంతో అడుగుతాడు?

సులోచన కారు దిగి, చలి దేశానికని కొన్న స్వెటర్ చేతులు పైకి మడిచి, ఆడవాళ్ళతో కూర్చుని ఉల్లిగడ్డలు కోసిందట. సాయంత్రానికి విమానం వెళ్ళిపోయింది.

మర్నాడు ఫోన్ చేసింది. "రోమ్ పోతమని ఎల్లి, రోడ్డు మీద పప్పన్నం తిని అచ్చినమక్కా."

ఆమె నవ్వుతోంది. నాకు సంతోషం వేసింది. నిజం రాస్తున్నాను, సంతోషమే వేసింది.

పోయినేడు కంపెనీ మళ్ళీ టూర్ ఇచ్చింది. ఈసారి పారిసే పోదామని మా మరిది బతిమాలాడు. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"ఒద్దు," అంది సులోచన. "దేవుడు ఒకసారి ఒద్దన్నంక మల్ల అడుగుడు తప్పు. గంతేనా అక్కా?"

నన్నే అడిగింది.

అప్పుడైనా చెప్పాల్సింది. తలూపాను.

నిన్న జగిత్యాలలో వీధి పట్టనంత మంది వచ్చారు. అంత ఏడుపులోనూ, నాకు ఇంతమంది వస్తారా అనుకున్నాను. ఇంకా చావలేదు ఈ గుణం.

మరిదీ, నన్ను క్షమించమని అడగను. ఆమె ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా, దేవుడు వద్దన్నాడనుకుని పోయింది. ఆయన వద్దనలేదు. వద్దన్నది నేను. రెండేళ్లుగా ఆ నింద స్వామి మీద పెట్టి, ఆయనకే దీపం పెడుతున్నాను.

ఇది మనవాళ్ళకే రాశాను. షేర్ చెయ్యకండి. చదివి మీ దగ్గరే దాచండి, బయటివాళ్ళకు చూపొద్దు.

చెల్లే, ఏ బంద్ లేని దారిలో చల్లగా పోయి రా. ఈసారి ఎటు పోవాలో నన్ను అడగకు.