దర్జీ చాచా ఎత్తిన ఇస్త్రీ పెట్టె

మొన్న జనగామలో బిడ్డ ఇంటికి పోతే, మా వియ్యపురాలు టీవీ సీరియల్ చూస్తూ రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తుతోంది. నాకు నవ్వు ఆగలేదు. "నవ్వకు అన్నా, ఎముకలు గుల్లబారుతున్నయని డాక్టరు చెప్పిండు. బరువులెత్తితే గట్టిపడతయట," అంది, సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే. నాకేమో భూపాలపల్లిలో మా పక్కింటి దర్జీ గుర్తొచ్చాడు. ఆయన ఏకంగా ఇస్త్రీ పెట్టెనే ఎత్తాడు మరి.

వాడకట్టు మొత్తానికీ ఆయన చాచా. నేను బొగ్గు గనిలో చేరిన నాటి నుంచీ నా ఖాకీ బట్టలు కుట్టింది ఆయనే. అరవై దాటాక మోకాళ్లు పట్టేశాయి. మసీదులో కిందికి వంగితే లేవలేక, కుర్చీలో కూర్చుని నమాజ్ చేయడం మొదలుపెట్టాడు. చేతగానివాళ్లు అట్లా చేయొచ్చట, తప్పేమీ లేదట. అయినా ఆయన మనసొప్పలేదు. "నుదురు నేలకు తాకకపోతే నమాజ్ చేసినట్టే అనిపిస్తలేదు భాయ్," అనేవాడు. ఇంట్లోవాళ్ల ప్రేమ ఇంకోవైపు. బిందె ముట్టనివ్వరు, మెట్లెక్కనివ్వరు. ఆ ప్రేమలో రెండేళ్లు గడిచేసరికి కుర్చీలోంచి లేవడానికి కూడా కొడుకు చేయి కావాల్సి వచ్చింది.

దవాఖానలో వ్యాయామం నేర్పే అమ్మాయి, నర్సింహులపేట దగ్గరి తండా పిల్ల, ఆయన కాళ్లు పట్టి చూసి, "మోకాళ్ల కంటె తొడలే ఎక్కువ పాడైనయ్ చాచా. పని చెప్పకపోతే కండ కరుగుతది. మళ్ల పని చెప్తే ఈ వయసుల గూడ వస్తది," అంది. తోడు పోయిన నేను విన్నాను గానీ నమ్మలేదు. ముసలితనంలో కండ పెరగడమేంటి? చూడాలన్న ఆశ మాత్రం పట్టుకుంది. రోజూ సాయంత్రం పోయి దుకాణం బెంచీ మీద కూర్చునేవాణ్ణి. చాచా ముందు ఉత్త చేతులతో స్టూలు మీద కూర్చుని లేచాడు. అది తేలికయ్యాక చల్లారిన ఇస్త్రీ పెట్టెను గుండెకు హత్తుకుని లేచాడు. తర్వాత స్టూలు తీసేసి గుడ్డల మూటలు పేర్చి వాటి మీద కూర్చుని లేస్తూ, కొన్నాళ్లకో మూట తగ్గించుకుంటూ నేలకు దగ్గరయ్యాడు. బట్టల కోసం వచ్చినవాళ్లు ఇదేం మొక్కో అర్థం కాక గుమ్మంలోనే నిలబడేవారు. ఉత్సాహం కొద్దీ ఒక వారం రోజూ చేసి, తొడలు పట్టేసి మంచమెక్కితే ఆ అమ్మాయి కోప్పడింది. "నడుమ నడుమ ఆగాలె చాచా. ఆగినప్పుడే కండ పెరిగేది." ఆ మాట నాకు ఇప్పటికీ వింతే. చాచీ ఒక చేత్తో పప్పూ గుడ్లూ పెడుతూనే, "పడితే తుంటి ఇరుగుతది," అని తిట్టేది.

రంజాన్ పండుగనాడు కుర్చీ లేకుండా వరుసలో నిలబడతానన్నాడు చాచా. కొడుకుకు భయం, కిందికి పోయినవాడు మళ్లీ లేవలేడేమోనని. పండుగ నమాజ్ అయ్యాక హత్తుకుని అలయ్ బలయ్ చెప్పుకోవడానికి నేను ఏటా ఈద్గా మైదానం గేటు దగ్గర నిలబడతాను. ఆ రోజు కొడుకు ఒక మడత కుర్చీ నా చేతిలో పెట్టి, "జర పట్టుకో కాకా. మా అబ్బా లేవలేకపోతే లోపటికి తేవాలె," అని వెళ్లిపోయాడు. చాచా చివరి వరుసలో, గేటుకు దగ్గరగానే ఉన్నాడు. వరుసలన్నీ నేల మీదికి వంగాయి. మళ్లీ అన్నీ లేచాయి. చాచా టోపీ ఒక్కటే కింద ఉండిపోయింది. ఆయన ఒక చేయి నేలకు ఆనించాడు, ఒక మోకాలు పైకి తెచ్చాడు, అక్కడే ఆగిపోయాడు. నేను కుర్చీ ఎత్తి గేటు దాటబోయాను. అంతలో లేచి నిలబడ్డాడు.

నమాజ్ అయ్యాక వచ్చి నన్ను గట్టిగా హత్తుకున్నాడు. కుర్తా చెమటతో తడిసింది, కళ్లూ తడిగానే ఉన్నాయి. "కుర్చీ మోసి అలసినట్టున్నవ్, కూసో భాయ్," అన్నాడు. చేతిలోని కుర్చీ తెరిచి దాంట్లోనే కూర్చున్నాను. అక్కణ్ణుంచి తలెత్తి చూస్తే చాచా ఎప్పుడూ లేనంత పొడుగ్గా కనిపించాడు. కాలం లాక్కుపోయిందని మనం అనుకునేవాటిలో ఎన్నింటిని మనమే తొందరపడి దాని చేతిలో పెట్టేశామో అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.