తాటిచెట్టు కింద కూత

నా చిన్నప్పుడు కబడ్డీ కూతకు వెళ్లానంటే ఎదుటి జట్టు పిల్లలకు గుండె గుభేలుమనేది. గొప్పలు కావు, నిజంగానే! అంత పొగరు నాకు. ఒకరోజు గీత దాటబోతుంటే నలుగురు మీద పడ్డారు, మోకాలి కింద ఎముక విరిగింది. జగిత్యాల దవాఖానలో పిండికట్టు వేశారు. "మొగపోరగాని లెక్క ఎగిరితే గట్లనే అయితది" అని రుద్రంగిలో మా వాడకట్టు ఆడవాళ్లంతా అమ్మకు చెప్పి పోయారు.

కట్టు విప్పారు. ఎముక అతికింది, ఇక ఆడవచ్చని డాక్టరు అన్నాడు. కానీ గీత దగ్గర నిలబడితే చాలు, కాలు నాది కానట్టు బిగుసుకుపోయేది. కోరుట్లలో జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. నొప్పి అని అబద్ధం చెప్పి కుంటుతూ తిరిగాను, బడి మైదానం వైపు వెళ్లడమే మానేశాను. ఇక జన్మలో ఆడలేనని రాత్రిళ్లు దుప్పటి కప్పుకొని ఏడ్చేదాన్ని.

మా తాతయ్య కల్లు గీసేవాడు. అంతకుముందు ఏడాది ఆయనా తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. కాలు విరిగి చాలాకాలం మంచంలో ఉన్నాడు. వానలు లేక నాన్న మస్కట్ పోయాడు, అక్కడ పని సరిగ్గా దొరకలేదు. తాతయ్య చెట్టెక్కితేనే ఇల్లు నడిచేది, అందుకే మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున నన్ను తాళ్లవనానికి తీసుకుపోయాడు. చెట్టుకూ నడుముకూ కలిపి మోకు బిగించుకుంటూ మెల్లగా అన్నాడు.

"నాకు బుగులైతుంది బిడ్డా. కింద నిలవడి కబడ్డీ కబడ్డీ అనుకుంట ఉండు. నీ గొంతు ఇనవడితే జర ధైర్యముంటది."

తాతయ్యకు భయమా! ఆయన ఎక్కుతుంటే గుక్క తిప్పుకోకుండా కూత పెట్టాను. పైకి పోయాక మట్టల మధ్య ఆయన కనబడలేదు. ప్రాణం పోయినంత పనైంది. కూత ఆపకుండా చెట్టు చుట్టూ ఉరికాను, ఆయన కాళ్లు కనిపిస్తే ఆగి, మళ్లీ మాయమైతే మళ్లీ ఉరికాను.

కల్లు కుండతో దిగివచ్చి తాతయ్య ముసిముసిగా నవ్వాడు.

"బాగనే ఉరికినవు గదనే. కాలు నొచ్చిందా?"

అప్పుడు గాని నేను ఉరికానని నాకు తెలియలేదు. ఒళ్లు మండిపోయింది. "నన్ను ఉరికిచ్చెతందుకు బుగులని అబద్ధమాడినవా తాతా?" అని గయ్యిమన్నాను.

"అబద్ధమెందుకు బిడ్డా? గిటు సూడు" అంటూ నా చేయి పట్టి తన పిక్క మీద పెట్టుకున్నాడు. పిక్క ఇంకా వణుకుతోంది. "పడ్డకాంచి రోజు గిట్లనే. బుగులు పోయినంక ఎక్కుదామనుకుంటే నేను ఇంక మంచంలనే ఉందును."

నేను ఆ కాలిని పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన నా తల నిమురుతూ కూర్చున్నాడు.

కోరుట్లలో ఎంపికల రోజు గీత దగ్గర నా కాలు మళ్లీ బిగుసుకుపోయింది. "నాకు బుగులైతుందే" అని పక్కనున్న అమ్మాయితో చెప్పేశాను. "నాకు లేదా ఏంది? పో, నేనీడనే ఉన్న" అంది. పోయాను. ఒకరిని ముట్టి గీత దాటి వచ్చాను. నన్ను జట్టులోకి తీసుకోలేదు, అయినా ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి కుంటకుండా నడిచి వచ్చాను.

ఇప్పటికీ భయమైతే దాచుకోను. నా అనుకున్నవాళ్లకు చెప్పి, ఆ తర్వాతే అడుగు వేస్తాను. నన్ను ఉరికించడానికే తాతయ్య తన భయం చెప్పాడని చాలాకాలం అనుకున్నాను. పడ్డప్పటి నుంచి ఆయన ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదని, చెప్పుకోవడానికి ఆయనకు నేనొక్కదాన్నే దొరికానని పెద్దయ్యాకే అర్థమైంది.