ఎండవైపు తిరిగిన ఇళ్లు

మా పక్కింటి అంకుల్ పోయారని ఈమధ్య ఓ మంగళవారం పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసింది. "మీ అంకుల్ లేరమ్మా. ప్లాన్ మాత్రం టేబుల్ మీదే ఉంది," అంది. ఏడవాలో, ఎవరి మీదైనా అరవాలో తెలియలేదు నాకు.

ఆయన ఆర్కిటెక్ట్. అమెరికాలో మా ఊరు నోవైకి రాకముందు ఇంగ్లండ్ పల్లెల్లో పాత కౌన్సిల్ ఇళ్లు కొలుస్తూ కొన్నేళ్లు గడిపారు. పొలం కూలీల కోసం అక్కడి స్థానిక కౌన్సిళ్లు కట్టించి అద్దెకిచ్చిన తొలినాటి ఇళ్లవి. ఒకే కప్పు కింద జంటగా రెండిళ్లు, ఎర్ర ఇటుక గోడలు, ఏటవాలు పెంకులు, ఉత్తరాన చల్లగా ఓ సామాన్ల గది, వెనక బంగాళాదుంపలు పండించుకునేంత పెరడు. ఆ ఫొటోలు చూపించకుండా ఎవరికీ కాఫీ ఇచ్చేవారు కాదు. "వీధి ఎటుంటే ఏంటమ్మా, కూర్చునే గదిలో ఎండ పడుతోందా లేదా? కొన్నిచోట్ల రోడ్డుకి వీపు పెట్టి మరీ కట్టారు! కూలివాడికీ వెలుతురు కావాలని ఎవరో పట్టుబట్టారన్నమాట," అని బల్ల చరిచేవారు. ఈస్ట్ ఫేసింగ్ ఇంటి కోసం ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని తిరిగే మమ్మల్ని తెగ ఏడిపించేవారు.

మా కాలనీ, అదే మా సబ్‌డివిజన్, పక్క ఖాళీ స్థలంలో అలాంటివే పన్నెండు అద్దె ఇళ్లకు ఆయన ప్లాన్ గీశారు. స్కూల్ బస్సు నడిపేవాళ్లకు, ముసలివాళ్లను చూసుకునే ఆయాలకు. అంతే, మా వాట్సాప్ గ్రూప్ భగ్గుమంది. "మన ఇళ్ల వేల్యూ పడిపోద్ది" అంటూ పిటిషన్ తయారైంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనూ సంతకం పెట్టాను.

ఆయనకు తెలిసింది. అయినా ఆ సాయంత్రం ఎప్పటిలాగే కాఫీకి పిలిచారు. "పెట్టింది నువ్వే కదా, తీసేయడమూ నీ చేతిలోనే ఉంది," అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ నేనూ తీయలేదు.

ఆయన పోయిన వారానికే, ఆ ఇళ్లు కట్టాలా వద్దా అని సిటీ హాల్‌లో హియరింగ్. లాబీలో మా గ్రూప్ అడ్మిన్ పక్కకొచ్చి, "పాపం, పెద్దాయనే పోయారు. ఇంక ఆ ప్రాజెక్ట్ కథ అయిపోయినట్టే, లైట్ తీస్కోండి," అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మనిషి పోతే ఆయన గీసిన కిటికీలు మూసుకుపోతాయా?

నా పేరు పిలిచి మాట్లాడటానికి మూడు నిమిషాలిచ్చారు. నాకు అంత అక్కర్లేకపోయింది. "ఆ పిటిషన్‌లో నా సంతకం ఉంది. కొట్టేయండి. ఆ ఇళ్లు ఆయన గీసినట్టే కట్టండి," అన్నాను. మావాళ్లంతా తలలు దించుకుని ఫోన్లు చూసుకున్నారు. ముందు వరసలో ఆంటీ ఒక్కతే లేచి చప్పట్లు కొట్టింది. "మేడమ్, కూర్చోండి," అని సిటీ కౌన్సిల్ పెద్ద రెండుసార్లు అన్నాడు. ఆవిడ కూర్చోలేదు, చప్పట్లూ ఆపలేదు.