ఎవరికో కావలసిన తాళంచెవి

ఇనుప తాళంచెవిని కాసేపు గుప్పిట్లో బిగించి పట్టుకుంటే, చెమటతో కలిసి అరచేతికి ఒక వాసన అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా తొందరగా వదలదు. ఇవాళ ఆదివారం ఉదయం, ఆదోని కోట కొండల కింద టీ అంగడి దగ్గర నిలబడి ఆ వాసనే చూసుకుంటున్నాను. నాతో కొండెక్కడానికి వచ్చిన ఇద్దరు ఫోన్ల గురించి వాదించుకుంటున్నారు. టవరు లేని చోట ఆపద వస్తే నేరుగా శాటిలైట్‌కే కబురు పంపే ఫోన్లు వచ్చాయట. మన దగ్గర ఆ సదుపాయం ఇంకా సరిగా అందలేదట, అందితే ఇక ఎక్కడికైనా నిశ్చింతగా పోవచ్చట. వింటుంటే నాకు సరోజక్క గుర్తొచ్చింది. నిజానికి ఈ కొండ కింద నిలబడితే ఆమె గుర్తురాని రోజంటూ లేదు.

సరోజక్క నా యజమానురాలు. భర్త పోయాక ఆయన జిన్నింగ్ మిల్లును, అంటే పత్తిలోంచి గింజను వేరుచేసే ఫ్యాక్టరీని, అమ్మేయమని చుట్టాలంతా చెవినిల్లు కట్టుకుని పోరినా వినకుండా తానే నడిపింది. పిల్లలు లేరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మిల్లు చప్పుడులో కూడా గేటు దాకా వినిపించేది. నేతగాళ్ల ఊరు ఎమ్మిగనూరు నుంచి కూతురితో వచ్చి ఆదోనిలో ఇల్లు అద్దెకు తీసుకున్న నాకు ఆమె ఆఫీసులో ఉద్యోగం ఇచ్చింది. మొదటి వారంలోనే, “ఆదివారం ఇంట్లో కూసోని ఏం జేస్తావు? కొండెక్కుదాం రా” అంది. నాకు అలవాటు లేదన్నాను. “ఎమ్మిగనూరోళ్లకు మగ్గం గుంతలే గానీ కొండలు తెలీవు ల్యా?” అని ఆఫీసంతా వినేలా నవ్వింది. రోషం వచ్చి వెళ్లాను. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, బండల మీద ఆమె నాకంటే ముందు నడిచింది. నేను వెనకాల ఆయాసపడుతూ నా రోషాన్ని తిట్టుకున్నాను.

ఆమెకొక పద్ధతి ఉండేది. కొండకు పోయేటప్పుడు మిల్లు తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని పోయేది. సీజనులో ఆదివారం మధ్యాహ్నం కూడా లారీలు వస్తాయి. గోడౌను తెరవాలంటే ఆ గుత్తి కావాలి. మేస్త్రీ ఖాసిం భాయ్ గేటు దగ్గర గొణుక్కునేవాడు: “ఈయమ్మకు మా మీద నమ్మకం ల్యా. కొండకు కూడా తాళాలెత్తుకపోతాది.” నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒకసారి పైన నీళ్లు తాగుతూ అడిగేశాను.

“నమ్మకం ల్యాక కాదు పాపా,” అంది. “నాకేమన్నా అయితే నా కోసం ఎవురు ఎతకాల? ప్రేమ ఉండేవాళ్లు కూడా ‘యాడికో పోయింటాదిలే, వస్తాది’ అనుకుంటారు. తాళంచెవి కావాల్సినోడు అట్లనుకోడు. లారీ నిలబడిందంటే ఖాసిం ఊరంతా గాలిస్తాడు. ఏ దోవన పోతాండానో వానికి సెప్పే వస్తా.”

ఇదంతా ఆమె హాస్యానికి చెప్పిందనుకున్నాను. కాదు. ఎక్కే దారి మార్చాలనిపించినా కిందికి దిగివచ్చి ఖాసిం భాయ్‌కి చెప్పి మళ్లీ ఎక్కేది. నాకు చిరాకు పుట్టేది. “మనం ఎక్కేది మన సరదాకి. దాని కోసం ఇంకొకరు ఎండలో మనల్ని ఎతుక్కుంటా తిరగాల్నా? వాళ్ల పని తగ్గించడం మన బాధ్యత గదా” అని ఆమె ఒక్కసారి గట్టిగా అనేసరికి నా సణుగుడు మానేశాను.

ఆమె తమ్ముడి కొడుకు ప్రసాద్‌ది బెంగళూరులో ఉద్యోగం. ఒక ఎండాకాలం సెలవు పెట్టి మేనత్త ఇంటికి వచ్చాడు. దుబాయిలో ఉన్న స్నేహితుడితో తెప్పించుకున్న కొత్త ఫోను చేతిలో ఉంది. దాన్ని ఆకాశం వైపు తిప్పి చూపిస్తూ, “అత్తా, టవరు లేకపోయినా మెసేజి పోతుంది. నీ తాళంచెవులు ఇంక అవసరం లేదు” అన్నాడు.

“పోతాది సరే. ఎవురికి పోతాది?”

“రెస్క్యూ వాళ్లకు.”

“శాటిలైటొచ్చి మోసుకోని దిగదు గదప్పా. ఆ వాళ్లు యాడుండారు? ఈడ పనిచేస్తాదా?”

“చేస్తాదనే అనుకుంటాండా.”

“అనుకుంటాండావా, సూసినావా?”

ప్రసాద్ నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. అది నచ్చిందని కళ్లలోనే తెలిసిపోయింది. కొత్త యంత్రం ఏదైనా విప్పి చూస్తే తప్ప నిద్రపట్టని మనిషి. ఆ శనివారం సాయంత్రం ఆఫీసు మూస్తూ నాతో, “రేపు రెండో కొండ వెనక దోవన పోతాండా” అంది. మా అమ్మాయికి పరీక్షలున్నాయి, నేను రానన్నాను.

ఆదివారం ఎండ ముదిరాక ఆమె నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది. ఎత్తితే ప్రసాద్. “అక్కా, మా అత్త తన ఫోను ఇంట్లో పెట్టి నాది ఎత్తుకోని పోయింది. టెస్టు చేస్తానని చీటీ పెట్టింది. నా ఆఫీసు పనంతా దాంట్లోనే ఉంది. యాడికి పోయింది?” వాడి గొంతులో విసుగే తప్ప భయం లేదు. భయం నాకు వేసింది. పత్తి సీజను అయిపోయి మిల్లు మూతపడింది. లారీలు లేవు, ఖాసిం భాయ్ ఇంటి దగ్గరే ఉన్నాడు. అలవాటుకొద్దీ నడుముకు దోపుకుపోయిన ఆ గుత్తి ఆ రోజు ఎవరికీ అక్కర్లేదు. ఆమె పద్ధతిలో ఆమెకే కనిపించని బొక్క అది.

నేను, ప్రసాద్, ఖాసిం భాయ్ ముగ్గురం పరుగెత్తాం. ఖాసిం భాయ్ దారిలో ఇంకో ఇద్దరు హమాలీలను లేపుకొచ్చాడు. వెనక దారిలో ఎండకు బండలు కాలుతున్నాయి. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఆమె లేకపోతే ఎలా అన్న ఆలోచన ఒక్కటే తలలో తిరుగుతోంది, ఉద్యోగం గురించి కాదు. చివరికి రెండు గుండురాళ్ల మధ్య సందులోంచి జవాబు వచ్చింది: “ఈడుండా! నీళ్లు తెచ్చినారా?” కాలు జారి సందులో పడి మోకాలి కింద ఎముక విరిగింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఫోను ఒళ్లోనే ఉంది. ఆ సందులో టవరు లేదు. శాటిలైట్ మెసేజి కోసం నొక్కితే ఈ ప్రాంతంలో ఈ సేవ లేదని చూపించిందట. హమాలీలు తెచ్చిన బోరెంలో, అంటే పత్తి నింపే పెద్ద గోనెలో, పడుకోబెట్టి నలుగురు నాలుగు మూలలా పట్టుకుని దించారు. దారి పొడవునా ఆమె, “మెల్లగప్పా, నేను పత్తి కాదు” అని అరుస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ప్రసాద్ తల దించుకుని నిలబడ్డాడు. ఆమె వాణ్ణి దగ్గరికి పిలిచి, “నీ ఫోనే కాపాడిందిలే నాయనా. మేలో మిల్లు తాళాలు ఎవురిక్కావాల? నీకు ఫోను కావాల్సొచ్చింది గాబట్టి బతికినా” అంది. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. వాడు మందులకు వెళ్లాక ఆమె గోడవైపు చూస్తూ మెల్లగా అంది: “ఆ సందులో పడుకోని అదే ఆలోచన పాపా. సీజను అయిపోతే నా కోసం ఎతికేవాళ్లు ఎవురుండారు అని.” అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు.

కాలు అతికాక ఆమె మళ్లీ కొండెక్కుతానంది. వద్దంటే వినే మనిషి కాదు. శనివారం సాయంత్రం మా ఇంటి తాళంచెవి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. “రేపు ఇల్లు తాళమేసి బజారుకు పోతాం అక్కా. మీరు దిగొచ్చి తాళమిస్తేనే మా యింట్లో పొయ్యి వెలిగేది” అన్నాను. “పిచ్చిదానా, పిల్లను పస్తు పెడతావా?” అని తిట్టింది. తాళంచెవిని మాత్రం నడుముకు దోపుకుంది. నేను వెంట వెళ్లని ప్రతి ఆదివారం అలాగే జరిగింది. ఎండెక్కక ముందే వచ్చి మా గుమ్మం ముందు నిలబడి, “తెరువు, కాఫీ పెట్టు” అనేది.

పోయినేడు జబ్బు చేసి పోయింది. కొండ మీద కాదు, మంచం మీద. కర్మలయ్యాక ప్రసాద్ మా ఇంటికి వచ్చి ఆ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. దిండు కింద ఉందట. మంచం దిగలేని రోజుల్లో కూడా దాన్ని తిరిగిచ్చేయలేదు.

ఆ శాటిలైట్ ఫోను మన దగ్గరికి వచ్చిననాడు నేనూ కొంటాను. సరోజక్క బతికుంటే నాకంటే ముందే కొనేది, పనిచేస్తుందో లేదో పెరట్లోనే చూసి మరీ కొండెక్కేది. నా చేతిలో ఇప్పుడు ఇనుప వాసన వేస్తున్నది మా ఇంటి ఆ తాళంచెవే. సంచిలో ఇంకొక తాళంచెవి ఉంది. టీ గ్లాసు కింద పెట్టేలోగా ఫోను మోగింది. మా అమ్మాయి.

“అమ్మా, మళ్లీ నా స్కూటీ తాళం ఎత్తుకోని పోయినావా?”

“రెండో కొండ వెనక దోవన పోతాండాం. ఎండెక్కక ముందే దిగుతా.”

“దిగకపోతే?”

“స్కూటీ కావాలంటే ఎతుక్కుంటా రావాల మరి.”

“స్కూటీ లేకపోయినా వస్తాలే. నీళ్లు ఎక్కువ ఎత్తుకో,” అని విసురుగా పెట్టేసింది.